ట్యాంకు కింది తేనెపట్టు: ఏ ఈగకు ఏ పనో ఎవరు చెబుతారు?



మన బడి వెనకవైపు నీళ్ల ట్యాంకు కింద తేనెపట్టు పట్టిన సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. అది పట్టిన దగ్గర్నుంచి ఆఫీసు గదిలో రోజూ ఏదో ఒక మాట వినిపిస్తూనే ఉంది. "రాత్రికి రాత్రి మంట పెట్టి తీయించెయ్యండి సార్" అని కొందరు, "లక్ష్మి వచ్చినట్టు, దాన్ని ముట్టుకోకండి" అని ఇంకొందరు. పిల్లలకు మాత్రం ఇవేవీ పట్టలేదు. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె కిటికీలోంచి చూసి అడిగింది: "సార్, కొన్ని ఈగలేమో పట్టు మీదే ఉంటాయి, కొన్ని పొద్దస్తమానం బయటికి పోయి వస్తుంటాయి. ఎవరు ఏ పని చెయ్యాలో వాటికి ఎవరు చెప్తారు?"

వెనక బెంచీ నుంచి ఒకడు "రాణి ఈగ చెప్తుంది" అన్నాడు. ఇంకొకడు "అది పుట్టుకతోనే వస్తుంది" అన్నాడు. రెండింటిలోనూ కాస్త నిజం ఉంది, రెండూ సరైన జవాబులు కావు. అసలు జవాబు ఈగ మెదడులో ఉంది. దాన్ని కనిపెట్టడానికి శాస్త్రవేత్తలకు చాలా ఏళ్లే పట్టింది. ఆ కథే ఇప్పుడు చెప్పబోయేది. చివర్లో ట్యాంకు దగ్గరికి మళ్లీ వద్దాం.

ముందు ఒక చిన్న వివరణ. మన ట్యాంకు కింద ఉన్నవి పెద్ద తేనెటీగలు. కొండ తేనెటీగలనీ అంటారు, తమిళంలో మలైత్తేనీ. ఎత్తయిన కొమ్మలకి, బండలకి, ఇప్పుడు మేడల సన్‌షేడ్లకి, ట్యాంకులకి ఒకే ఒక పెద్ద పట్టు వేలాడేస్తాయి. నేను చెప్పబోయే పరిశోధనలు చాలావరకు పెట్టెల్లో పెంచే ఐరోపా తేనెటీగల మీద జరిగాయి. పెట్టెలో ఉంటే వీపు మీద చుక్క పెట్టి, ఏ ఈగ ఏ రోజు పుట్టింది, ఏం చేస్తోంది అని లెక్క రాసుకోవచ్చు. ట్యాంకు కింద వేలాడే వాటితో అది కుదిరే పని కాదు. రెండూ దగ్గరి చుట్టాలే. కాపురం పద్ధతి వేరు, పనుల పంపకం చాలావరకు ఒకటే.

పట్టులో ఒకే రాణి ఉంటుంది. గుడ్లు పెట్టడం దాని పని. కొన్ని పోతుటీగలు ఉంటాయి. మిగతా వేలాది ఈగలన్నీ ఆడవి, కూలి ఈగలు. కూలి ఈగ పుట్టగానే పట్టు దాటి బయటికి పోదు. మొదటి కొన్నాళ్లు గదులు శుభ్రం చేస్తుంది. తర్వాత దాదిగా మారి పురుగు దశలో ఉన్న పిల్లలకు మేత పెడుతుంది. ఆ తర్వాత మైనం గదులు కట్టడం, బయటివాళ్లు తెచ్చిన మకరందాన్ని అందుకుని దాచడం. సుమారు మూడు వారాలు నిండాక కానీ పూల కోసం బయటికి ఎగరదు. అలా ఎగరడం మొదలుపెట్టాక రెండు మూడు వారాలకు మించి బతకడం కష్టమే.

అంటే నిన్నటి దాది, నేటి మేతగత్తె ఒకే ఈగ. మరి మధ్యలో దాని మెదడులో ఏం మారింది?

ఇక్కడ జన్యువు అంటే ఏమిటో ఒక్కసారి చూసుకోవాలి. పాఠ్యపుస్తకంలో "అనువంశికతకు ఆధారం" అని ఉంటుంది. అది చదివి పిల్లలు జన్యువు అంటే తాతముత్తాతల నుంచి వచ్చిన ముద్ర, ఇక మారనిది అనుకుంటారు. అది సగమే. జన్యువు ఒక ప్రోటీన్‌ను ఎలా తయారు చెయ్యాలో చెప్పే సమాచారం. మన కంటి కణంలోనూ, కాలేయ కణంలోనూ ఉండే జన్యువులు ఒకటే. కానీ ఏ జన్యువు ఎప్పుడు, ఎంత పని చేస్తుందన్నది ఒక్కో చోట ఒక్కో రకం.

మన ఊరి ఉదాహరణే చెబుతాను. త్యాగరాజస్వామి శిష్యుడు వీణ కుప్పయ్యర్‌ది, ఆయన కొడుకు తిరువొత్తియూరు త్యాగయ్యర్‌ది మన ఊరితో ముడిపడిన పేరు. వీణకు 24 మెట్లు. అవి మైనంతో దండి మీద బిగించి ఉంటాయి, వాయించేటప్పుడు జరగవు. అయినా పొద్దున భూపాళం, రాత్రి నీలాంబరి అదే వీణ మీద పలుకుతాయి. ఏ మెట్టు మీద వేలు పడింది, ఎంతసేపు నిలిచింది అన్నదాన్ని బట్టి రాగం. జన్యువులు మెట్ల లాంటివి. జన్యువు పని చెయ్యడమంటే వేలు పడటం. వేలు పడినప్పుడు ఆ జన్యువుకు ఒక నకలు తయారవుతుంది, దాన్ని ఎం.ఆర్.ఎన్.ఎ. అంటారు. ఆ నకలు చూసి కణం ప్రోటీన్ తయారు చేస్తుంది. మెదడులో ఏ జన్యువుల నకళ్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే, ఆ సమయానికి అక్కడ ఏ రాగం నడుస్తోందో తెలుస్తుంది.

(ఈ పోలికను మరీ లాగకండి. వీణకు వాయించే మనిషి ఒకరు ఉన్నారు. కణంలో అలా ఎవరూ కూర్చుని లేరు.)

ఇక అసలు ప్రయోగం. అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో జీన్ రాబిన్సన్ అనే శాస్త్రవేత్త ఉన్నారు. ఆయన పేరులోనే జీన్ ఉందని మా పిల్లలు నవ్వుకున్నారు. ఆయన బృందం 2003లో చేసిన పని ఇది. తేనెటీగ మెదడు ఒక ఘన మిల్లీమీటరు ఉంటుంది, అందులో సుమారు పది లక్షల నాడీకణాలు. అంత చిన్న మెదడును ఒక్కొక్క ఈగ నుంచి విడిగా తీసి, దాదాపు 5,500 జన్యువులు ఏ స్థాయిలో పనిచేస్తున్నాయో కొలిచారు. దాదుల్లోనూ, మేతకు పోయే వాటిలోనూ పోల్చి చూస్తే, కొలిచిన జన్యువుల్లో నూటికి 39 వంతు తేడా కనిపించింది. ఆశ్చర్యం అక్కడితో ఆగలేదు. ఈగ పేరూ ఊరూ చెప్పకుండా, దాని మెదడు లెక్క మాత్రం ఇచ్చి "ఇది దాదా, మేతగత్తెనా?" అని కంప్యూటరును అడిగారు. 60 ఈగల్లో 57 ఈగలకు సరిగ్గా చెప్పింది.

ఇక్కడ ఎవరైనా ఒక ప్రశ్న వెయ్యాలి. మా తరగతిలో ఆ అమ్మాయే వేసింది: "సార్, దాది అంటే చిన్నది, మేతకు పోయేది పెద్దది కదా. మరి ఆ తేడా పని వల్లనా, వయసు వల్లనా?"

చాలా మంచి ప్రశ్న. దాన్ని తేల్చడానికి పరిశోధకులు ఒక ఉపాయం చేశారు. పెట్టెలో అన్నీ అప్పుడే పుట్టిన ఈగలనే పెట్టారు, పెద్దవి ఒక్కటీ లేకుండా. అంటే ఇంట్లో అందరూ చంటిపిల్లలే, సంపాదించేవాళ్లు లేరు. ఏమైంది? మూడు వారాలు ఆగలేదు. వారం, పది రోజులకే కొన్ని ఈగలు మేతకు బయలుదేరాయి. అదే వయసున్న మిగతావి దాదులుగా ఉండిపోయాయి. ఇప్పుడు వయసు ఒకటే, పని వేరు. మెదళ్లు చూస్తే, చిన్న వయసులో మేతకు పోయిన వాటి లెక్క మేతగత్తెల లెక్కకే దగ్గరగా ఉంది. వయసు ప్రభావం కొంత ఉంది, పని ప్రభావం దానికన్నా ఎక్కువ.

మరి సంపాదించేవాళ్లు లేరని ఆ పసి ఈగలకు ఎలా తెలిసింది? 2004లో ఒక పరిశోధన దీనికి జవాబు చెప్పింది. మేతకు పోయివచ్చే ముసలి ఈగల ఒంట్లో ఇథైల్ ఓలియేట్ అనే పదార్థం తయారవుతుంది. పెద్దవాటి నుంచి అది చిన్నవాటికి అందుతుంది. అందినంతకాలం చిన్నవి త్వరగా ఎదగవు, ఇంటి పట్టునే ఉంటాయి. వానకో, పిట్టలకో చిక్కి పెద్దవి తగ్గిపోతే ఆ పదార్థమూ తగ్గుతుంది. అప్పుడు చిన్నవి తొందరగా బయలుదేరతాయి. రాణి విడుదల చేసే పదార్థం కూడా కూలి ఈగల మెదడులో జన్యువుల పనిని మారుస్తుంది. పిల్లల వాసనకూ పాత్ర ఉంది. కాబట్టి "రాణి చెప్తుంది" అన్న కుర్రాడికి పావు మార్కు వెయ్యాలి. ఎవరూ ఆజ్ఞ ఇవ్వరు. పట్టులో ఎవరెవరు ఉన్నారన్నదే ఒక్కో ఈగ మెదడు దాకా వార్తగా చేరుతుంది.

అయితే ఇప్పటిదాకా చెప్పినదానిలో ఒక లొసుగు ఉంది. మెదడులో జన్యువుల పని మారడం వల్ల ఈగ మేతకు పోతోందా, మేతకు పోవడం వల్ల జన్యువుల పని మారుతోందా? రెండూ కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదు. వాన పడినప్పుడు గొడుగులు కనిపిస్తాయి, గొడుగుల వల్ల వాన పడదు.

దీనికి ఈగ కంటే ముందు పండ్ల దోమ దగ్గరికి పోవాలి. మగ్గిన అరటిపండు చుట్టూ ముసురుతాయే, అవి. కెనడాలో మార్లా సోకొలోవ్‌స్కీ అనే శాస్త్రవేత్త వాటి పిల్లపురుగులను చూస్తూ, కొన్ని మేత వెతుక్కుంటూ దూరం దూరం పాకుతాయి, కొన్ని ఉన్నచోటే తింటాయి అని గమనించారు. ఒకటి దేశదిమ్మరి, ఇంకొకటి ఇంటిపట్టు. ఈ తేడాకు మూలం ఒకే జన్యువులో ఉన్న రెండు రూపాలని తేలింది. దానికి ఫొరేజింగ్ అని పేరు. పండ్ల దోమలో ఈ తేడా పుట్టుకతో వస్తుంది. దిమ్మరిగా పుట్టింది దిమ్మరే.

రాబిన్సన్ బృందం 2002లో తేనెటీగలో అదే జన్యువు కోసం వెతికింది. దొరికింది. కానీ ఇక్కడ కథ వేరు. తేనెటీగల్లో రెండు రకాల ఈగలు లేవు. ఒకే ఈగ దాదిగా ఉన్నప్పుడు ఆ జన్యువు మెదడులో తక్కువగా పనిచేస్తుంది, మేతకు పోయేటప్పుడు ఎక్కువగా పనిచేస్తుంది. ఇక కారణం సంగతి: ఆ జన్యువు తయారు చేసే ఎంజైమును చురుకుచేసే పదార్థం ఒకటి ఉంది. దాన్ని చక్కెర నీళ్లలో కలిపి చిన్న ఈగలకు తాగించారు. అవి వయసు రాకముందే మేతకు బయలుదేరాయి. దాన్ని పోలిన ఇంకో పదార్థం ఇస్తే అలా జరగలేదు. అంటే ఈ జన్యువు పని ఊరికే వెంట వచ్చే నీడ కాదు, ఈగను కదిలించేవాటిలో అదీ ఒకటి.

ఒకే జన్యువు. ఒక జీవిలో పుట్టుక రాసిపెట్టిన గుణం, ఇంకో జీవిలో జీవితం నడిచేకొద్దీ మారే గుణం. ఇన్నేళ్లు పాఠం చెబుతున్నా, నాకు ఇదింకా వింతగానే ఉంటుంది.

ఇంకో దిక్కు కూడా ఉంది, అనుభవం వల్ల జన్యువుల పని మారడం. దీనికి అమెరికా దాకా పోనక్కర్లేదు, బెంగళూరు చాలు. అక్కడ జాతీయ జీవశాస్త్రాల కేంద్రంలో, అంటే ఎన్.సి.బి.ఎస్.లో, ఆక్సెల్ బ్రాక్‌మన్ అనే జర్మన్ శాస్త్రవేత్త ప్రయోగశాలలో తేనెటీగల మీద పని జరిగింది. పన్నెండు మీటర్ల పొడవున్న పెద్ద వలగదిలో ఈగలను వదిలి, కొన్నిటికి పొద్దున రెండు గంటలు, కొన్నిటికి మధ్యాహ్నం రెండు గంటలు మాత్రమే మేత పెట్టారు. కొన్ని రోజుల తర్వాత చూస్తే, ఈగ మెదడులో రోజులో వేళను బట్టి ఎక్కువా తక్కువా అయ్యే గడియారపు జన్యువుల వేళలు రెండు గుంపుల్లో వేరువేరుగా జరిగాయి. సూర్యుడు ఇద్దరికీ ఒక్కడే. భోజనం వేళ వేరు, అంతే. ఈగ మేతకు పోవడం మొదలుపెట్టినప్పుడు ఈ.జి.ఆర్.1 అనే జన్యువు మెదడులో చురుకవుతుందని కూడా అదే ప్రయోగశాల 2018లో చూపింది. ఇలాంటి జన్యువులు కొత్త అనుభవం తగలగానే మొదట మేలుకునేవి. ఇవి మేలుకుని మరికొన్నిటిని లేపుతాయి.

మధ్యాహ్న భోజనం గంటకు ముందే మన గోడ మీదికి కాకులు ఎలా చేరతాయో మీరు చూస్తూనే ఉన్నారు. తేరడి దగ్గర చెరుకురసం బండివాడు సాయంత్రం గానుగ తిప్పడానికి ముందే ఈగలు ఎలా హాజరవుతాయో అతన్నే అడగండి, చెబుతాడు.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన ప్రయోగం. 2012లో జాన్స్ హాప్కిన్స్, ఆరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయాల వాళ్లు కలిసి చేసింది. మేతగత్తెలు బయటికి పోయిన సమయం చూసి, పెట్టెలో ఉన్న దాదులన్నిటినీ తీసేశారు. సాయంత్రం ఇంటికి వచ్చి చూస్తే పిల్లలు ఆకలితో ఉన్నాయి, మేత పెట్టేవాళ్లు లేరు. మేతగత్తెల్లో కొన్ని మళ్లీ దాదులయ్యాయి. ముసలితనంలో తిరిగి చంటిపిల్లల పని. వాటి మెదళ్లలో జన్యువుల మీద ఉండే మిథైల్ గుర్తులను పరిశీలించారు. ఈ గుర్తులు జన్యువు అక్షరాలను మార్చవు, అది ఎలా చదవబడాలన్నదాన్ని మారుస్తాయి. దాది మేతగత్తెగా మారినప్పుడు తేడా వచ్చిన చోట్లలో చాలా వాటిలో, అది మళ్లీ దాదిగా మారినప్పుడు గుర్తులు మళ్లీ మారాయి. రాణికీ కూలి ఈగకూ మధ్య అలాంటి తేడా ఆ మెదళ్లలో కనిపించలేదు. రాణి రాణిగానే ఉంటుంది, వెనక్కి రాదు. కూలి ఈగ వెనక్కి రాగలదు.

తల్లిదండ్రుల సమావేశంలో నేను ఏటా వినే మాట ఒకటుంది. "మా వంశంలోనే లెక్కలు లేవు సార్, వీడికెక్కడి నుంచి వస్తాయి?" ఆ మాట పిల్లవాడి ముందే అంటారు. వాడు నేల చూపులు చూస్తుంటాడు. కొందరైతే "ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పుస్తకంలో ఇంగ్లీషు, వాడి బుర్ర పుట్టుకతోనే అంతంత మాత్రం, ఏం చేస్తాడు" అంటారు. తేనెటీగను చూపించి మీ పిల్లవాడికి లెక్కలు వస్తాయని నేను చెప్పను, అది మోసం. ఈగ మెదడు వేరు, మనిషి మెదడు వేరు. ఈగ దాదిగా మారడం వేరు, పిల్లవాడు భిన్నాలు నేర్చుకోవడం వేరు. పుట్టుకతో వచ్చే తేడాలు లేవని కూడా అనను, పండ్ల దోమల్లో చూశాం. కానీ "జన్యువు కాబట్టి మారదు" అన్న వాదన ఒకటుందే, అది ఒక ఘన మిల్లీమీటరు మెదడులోనే నిలవలేదు. దాన్ని తెచ్చి పదమూడేళ్ల పిల్లవాడి నెత్తిన పెట్టకండి.

ఇక ట్యాంకు సంగతి.

తేనెటీగ కుట్టినప్పుడు ఒక వాసన వదులుతుంది. అరటిపండు వాసనలా ఉంటుంది, ఐసోపెంటైల్ ఎసిటేట్ అందులో ముఖ్యమైనది. అది మిగతా ఈగలకు "శత్రువు ఇక్కడున్నాడు" అన్న కబురు. ఆ వాసన తగిలిన ఈగల మెదడులో, వాసనను గ్రహించే భాగంలో, ముందుగా మేలుకునే జన్యువు ఒకటి చురుకవుతుందని 2007లో రాబిన్సన్, సెడ్రిక్ అలో చూపించారు. 2009లో వాళ్లే ఇంకా లోతుగా పోయి, ఆ వాసన వల్ల మెదడులో వందల జన్యువుల పని మారుతుందనీ, ఆ మార్పుల్లో కొన్ని పుట్టుకతోనే కోపిష్టివైన ఆఫ్రికా సంకర జాతి తేనెటీగల మెదడులో కనిపించే తేడాలను పోలి ఉన్నాయనీ కనుగొన్నారు. అంటే రెచ్చగొడితే, శాంతంగా ఉన్న ఈగ మెదడు కూడా కాసేపటికి కోపిష్టి జాతి మెదడు వైపు జరుగుతుంది. రాయి విసిరినవాడు పరుగెత్తి తప్పించుకోవచ్చు. వెనకాల ఏమీ తెలియక నీళ్ల కోసం వచ్చిన రెండో తరగతి పిల్ల తప్పించుకోలేదు.

పెద్ద తేనెటీగ కుట్టి ముల్లు వదిలి చనిపోతుంది, ముల్లు మాత్రం ఒంట్లో ఉండి విషం పంపుతూనే ఉంటుంది, వాసన వెదజల్లుతూనే ఉంటుంది. గోటితోనో, కార్డు అంచుతోనో వెంటనే గీకి తీసెయ్యాలి. ఎలా తీశామన్నదానికన్నా ఎంత తొందరగా తీశామన్నదే ముఖ్యం. అక్కడ నిలబడి తియ్యకూడదు, ముందు గదిలోకి పరుగెత్తాలి. కుట్టిన చోట వాపు మామూలే. ఊపిరి ఆడకపోయినా, పెదాలు, నాలుక వాచినా, తల తిరిగినా ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఈ ఈగలు ఒకచోట ఏడాది పొడవునా ఉండేవి కావు. పూలు తగ్గగానే పట్టు వదిలేసి మొత్తం గుంపు ఇంకో చోటికి వలస పోతుంది. చుట్టుపక్కల వేప, కానుగ పూలున్నంతకాలం ఉంటాయి. అందుకే అప్పటిదాకా ట్యాంకు వైపు దారిని తాడు కట్టి మూసేశాం. తాగునీళ్లు ముందు వరండాలో పెట్టించాం. ఆ వైపు బంతి పోయినా సరే, వాచ్‌మన్‌కు చెప్పండి, మీరు పోకండి. అగరువత్తులు, టపాకాయలు, సెంట్లు అటువైపు వద్దు. మంట పెట్టి తీసే పని మాత్రం ఎవరూ సొంతంగా చెయ్యకూడదు. ఇబ్బంది ముదిరితే 101కి ఫోన్ చేసి అగ్నిమాపక శాఖవాళ్లను పిలుస్తాం, అలవాటున్నవాళ్లు వాళ్లు.

ఎనిమిదో తరగతి పిల్లలు కిటికీ అద్దం మూసి, లోపలి నుంచి రోజూ మధ్యాహ్నం పదిహేను నిమిషాలు లెక్కపెడుతున్నారు. ఎన్ని బయటికి పోతున్నాయి, ఎన్ని వస్తున్నాయి, కాళ్లకు పుప్పొడి ఉందా లేదా. మొదటి రోజు లెక్క కుదరక కొట్టుకున్నారు, ఇప్పుడు ఇద్దరు లెక్కపెడితే ఒకరు రాస్తున్నారు. ఆ చార్టు సైన్సు గది తలుపు మీద అతికించాం. తల్లిదండ్రులు వచ్చినప్పుడు చూడవచ్చు.